పాత మెడ దెబ్బ, పాత నడుము దెబ్బ: ఏళ్ళ తరవాత వచ్చే ఇబ్బందులను విడదీసి చూసుకోవడం ఎలా

మా కోనసీమలో నడుము పట్టుకుని లేచే మనిషిని "ఏమైందండీ" అని పలకరిస్తే వచ్చే జవాబు ఒక్కటే: "కొత్తదేం కాదండీ, పాతదే." కొబ్బరి చెట్టు మీంచి జారిన దింపు కార్మికుడైనా, 75 కిలోల ధాన్యం బస్తా కింద కూలబడిన జట్టు కూలీ అయినా, రాత్రివేళ కాలవ గట్టు మీద గేదె అడ్డం వచ్చి బండితో సహా పంట బోదెలో పడిన ఉద్యోగి అయినా, ఆ తరవాత ఇరవై ఏళ్ళపాటు ఒంట్లో వచ్చే ప్రతి బాధనూ ఆ ఒక్క దెబ్బ ఖాతాలోనే వేసుకుంటూ పోతారు. నేనూ అలాగే వేసుకున్నాను.

2001 జనవరిలో, సంక్రాంతి ఇంకా వారం ఉందనగా, గడ్డిమేటు పైన నిలబడి కింది నుంచి అందిస్తున్న గడ్డి సర్దుతూ వెనక్కి జారి, దాదాపు పదడుగుల ఎత్తు నుంచి మెడా వీపూ నేలకు కొట్టుకునేట్టు పడ్డాను. ఎక్స్‌రేలో మొదటి నడుము పూస ముందువైపు కాస్త నలిగినట్టు కనిపించింది. మెడకు ఏమీ కాలేదన్నారు. ఆరు వారాలు మంచం మీద ఉండి, లేచి, మళ్ళీ బడికి వెళ్ళి పాఠాలు చెప్పుకున్నాను. 2023 వేసవిలో ఒక సాయంత్రం మా ఆవిడ, "కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారేంటండీ, చలికాలం కూడా కాదు కదా" అంది. అప్పటికి నాలుగు నెలలుగా చొక్కా పై బొత్తాం పెట్టుకోవడం కష్టమవుతోందనీ, నల్లబల్ల మీద నా రాత వంకర పోతోందనీ నాకు తెలుసు; పాతదేలే అని ఊరుకున్నాను. ఎం.ఆర్.ఐ. తీస్తే మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయినట్టు తేలింది, ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది.

అందువల్ల ఈ మార్గదర్శి అంతా ఆ "పాతదే" అన్న మాటను విడగొట్టడం గురించే. వైద్యుడి దగ్గరికి వెళ్ళే ముందు, ఆయన ముందు కూర్చున్నప్పుడు, ఇంటికి తిరిగొచ్చాక మనం చేసుకోవలసిన పనులను వరసగా చెబుతాను.

మొదటి పని: దెబ్బ చరిత్రను కాగితం మీద పెట్టడం

ఒక పొడుగు నోటుబుక్కు కొని, మొదటి రెండు పేజీలను దెబ్బకే కేటాయించండి. ఏ సంవత్సరం, ఏ నెల, ఎంత ఎత్తు నుంచి, శరీరంలో ఏ భాగం ముందు నేలకు తగిలింది, స్పృహ తప్పిందా, ఆ రోజు కాళ్ళూ చేతులూ ఆడాయా, మూత్రం మామూలుగా వచ్చిందా, ఎన్ని రోజులు మంచం పట్టారు, ఎప్పుడు పనిలోకి తిరిగి వెళ్ళారు, రాడ్లు గాని స్క్రూలు గాని వేశారా, ఇవన్నీ రాయాలి. సంవత్సరం గుర్తు లేనివారు మనవైపు పెద్దలు లెక్కపెట్టే పద్ధతిలోనే పట్టుకోవచ్చు: 1986 వరదకు ముందా తరవాతా, 1996 నవంబరు తుపానుకు ముందా తరవాతా, పెద్దమ్మాయి పెళ్ళికి ముందా తరవాతా అని అడిగితే ఏడాది దానంతట అదే తేలుతుంది. స్పృహ తప్పిన విషయం పడినవాడికి తెలియదు కాబట్టి, ఆ రోజు మోసుకొచ్చినవారిని అడగడం మరిచిపోవద్దు.

మూడో పేజీలో ఇప్పటి బాధలను ఒక్కొక్కటిగా రాసి, ఎదురుగా అది మొదలైన కాలం వేయండి. ఈ పేజీయే అన్నిటికన్నా విలువైనది. దెబ్బ తగిలినప్పటి నుంచి ఉన్న నడుము పట్టు వేరు, నిరుటి దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు మొదలైన కాలి మంట వేరు, రెండు నెలలుగా వస్తున్న చేతి తిమ్మిరి వేరు. "ఎప్పటినుంచి?" అని వైద్యుడు అడిగినప్పుడు "చాలా కాలంగా నండీ" అని మూడింటినీ ఒకే మూటలో కట్టి ఇస్తే, ఆయన కూడా దానిని ఒకే మూటగానే చూస్తారు. నా విషయంలో సరిగ్గా అదే జరిగింది. తప్పు ఆయనది ఎంతో నాదీ అంతే.

పాత ఎక్స్‌రే ఫిల్ములు బీరువా మీద ఉంటే వాటిని వెంటనే దింపండి. మన తేమకు అవి ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తే పొర ఊడి వస్తుంది. కిటికీ అద్దానికి ఆనించి పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీసుకుని, డిశ్చార్జి కాగితంతో సహా ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకుంటే చాలు.

రెండో పని: లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం

మెడలో 7 పూసలు, వీపులో 12, నడుములో 5 ఉంటాయి. వాటి మధ్య మెత్తని దిళ్ళలాగా డిస్కులు, వెనక సొరంగంలో వెన్నుపాము. పెద్దవారిలో వెన్నుపాము సుమారు మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ముగిసిపోతుంది. ఆ కింద గుర్రం తోకలా నరాల కుచ్చు మాత్రమే దిగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మెడ దెబ్బకూ నడుము దెబ్బకూ ఉన్న తేడా అర్థమవుతుంది. మెడలో నొక్కుడు పడితే వెన్నుపామే నలగవచ్చు కాబట్టి చేతులతో పాటు కాళ్ళూ చెడతాయి. నడుము కింది భాగంలో నొక్కుడు పడితే కాళ్ళు, మూత్రం, మలం తప్ప చేతులకు ఏమీ కాదు. నడుము దెబ్బ మనిషికి చేతివేళ్ళు తిమ్మిరెక్కుతుంటే, దానికి నడుమును తిట్టి లాభం లేదన్నమాట.

దెబ్బ తగిలిన డిస్కు, పూసల కీళ్ళు మిగతావాటికన్నా ముందుగా అరుగుతాయి. అరిగిన చోట ఎముక ముళ్ళలా పెరిగి, నరం బయటికి వచ్చే దారిని ఇరుకు చేస్తుంది. అప్పుడు నొప్పి పూస దగ్గర కాకుండా ఆ నరం వెళ్ళే దారంతా పాకుతుంది: మెడలో ఆరో నరమైతే బొటనవేలి వైపు, ఏడోదైతే మధ్యవేలు, ఎనిమిదోదైతే చిటికెనవేలు; నడుములో ఐదో నరమైతే కాలి బొటనవేలు, పాదం పైభాగం; దాని కిందిదైతే పాదం వెలుపలి అంచు. మెడ పైభాగపు కీళ్ళు చెడినవారికి తల వెనకనుంచి పైకెక్కే తలనొప్పి కూడా వస్తుంది.

మరొకటి ఉంది, దాన్ని నమ్మించడం కష్టం. గాయం మానిపోయిన తరవాత కూడా నాడీ వ్యవస్థ హెచ్చరిక గంట మోగిస్తూనే ఉండవచ్చు. మూడు నెలలు దాటిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అందులో నొప్పి ఎంత ఉందన్నది లోపల ఎంత చెడిందన్నదానికి కొలత కాదు. నిద్ర లేని రాత్రి, అప్పుల వాళ్ళు ఇంటికొచ్చిన రోజు అదే నడుము రెట్టింపు నొప్పి పెడుతుంది. దీనర్థం నొప్పి అబద్ధమని కాదు. "నీకు లోపల ఏమీ లేదు, అంతా మనసులోనే" అన్న మాట అన్నవాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు.

అరుదుగా, వెన్నుపాముకు దెబ్బ తగిలినవారిలో నెలలకో ఏళ్ళకో పాము లోపల నీటితిత్తిలాంటిది ఏర్పడి నెమ్మదిగా పెరుగుతుంది. దాని గుర్తు విచిత్రంగా ఉంటుంది: తాకితే తెలుస్తుంది, వేడి తెలియదు. పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే చుర్రుమనకపోయినా, చెయ్యి కాలి బొబ్బెక్కినట్టు తరవాత చూసి తెలుసుకున్నా, ఆ సంగతిని నరాల వైద్యుడికి తప్పక చెప్పాలి.

మూడో పని: నెలకొకసారి ఇంట్లో చేసుకునే పరీక్ష

దీనికి ఐదు నిమిషాలు చాలు. చెయ్యి ముందుకు చాపి, పిడికిలిని పూర్తిగా బిగించి పూర్తిగా తెరుస్తూ, 10 సెకన్లలో ఎన్నిసార్లు చేయగలరో పక్కవారిని లెక్కపెట్టమనండి. వెన్నుపాము బాగున్నవారు 20 సార్లకు తగ్గకుండా చేస్తారు. ఆపరేషనుకు ముందు నా కుడిచేయి 13 దగ్గర ఆగిపోయింది. అప్పటికి నాకు నొప్పి మాత్రం పెద్దగా లేదు. మెడలో వెన్నుపాము నలగడంలోని మోసమే అది, నొప్పి లేకుండానే పని చెడుతుంది.

తరవాత చొక్కా బొత్తాలు అన్నీ విప్పి మళ్ళీ పెట్టుకోండి, ఒక అర పేజీ తారీఖు వేసి రాయండి, గచ్చు మీద గీత వెంట మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగులు వేయండి. మడమల మీద కొంత దూరం, మునివేళ్ళ మీద కొంత దూరం నడవండి. మడమల మీద నిలబడలేక పాదం వాలిపోతుంటే నడుములోని ఐదో నరాన్ని అనుమానించాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించినప్పుడు వీపు వెంట కరెంటు కొట్టినట్టు జలదరిస్తే అదీ రాయండి. పడిపోయే భయం ఉన్నవారు గోడ పక్కన, మరొకరి సాయంతోనే ఈ నడక పరీక్షలు చేయాలి. అంకెలను నోటుబుక్కులో తారీఖుతో వేసుకుంటూ పోతే, ఏది ఇరవై ఏళ్ళుగా కదలకుండా ఉన్నదో, ఏది ఈ ఆరు నెలల్లో జారిందో కంటికే కనిపిస్తుంది.

నాలుగో పని: ఆగకూడని సమయాన్ని గుర్తుపెట్టుకోవడం

మూత్రం వస్తున్నట్టు ఉండి రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. మల విసర్జన మీద పట్టు తప్పడం. సైకిలు సీటుకు ఆనే చోట, అంటే మర్మావయవాల చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారడం. రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడటం: వీటిలో ఏ ఒక్కటి కొత్తగా వచ్చినా తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు. నరాల కుచ్చు నొక్కుకుపోయినప్పుడు గంటలే లెక్క. ఆలస్యమైతే మూత్రం మీది పట్టు జీవితాంతం తిరిగి రాకపోవచ్చు. 108 కి ఫోను చేసి, ఎం.ఆర్.ఐ., న్యూరోసర్జరీ రెండూ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్ళాలి. గోదావరి పాయల మధ్య లంక గ్రామాల్లో ఉండేవారు ఇంకా ముందే కదలాలి. వరద రోజుల్లో పడవ చీకటి పడితే కదలదు. 2022 జులైలాంటి వరద వస్తే పగలు కూడా అనుమానమే.

ఇంట్లో ఈ మాటలు చెప్పుకోవడానికి సిగ్గుపడతారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. అందుకే కోడలికో కూతురికో ముందుగానే చెప్పి ఉంచాలి.

వెన్నుపాము పూర్తిగా దెబ్బతిని చక్రాల కుర్చీలో ఉన్నవారికి వేరే ప్రమాదం ఒకటుంది. వీపు పైభాగంలో ఆరో పూస దగ్గరగాని అంతకన్నా పైనగాని దెబ్బ తగిలినవారికి హఠాత్తుగా తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బకు పైభాగంలో చెమటలు పడితే బి.పి. ప్రమాదకరంగా పెరిగినట్టే. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రపు గొట్టం మడత పడిందేమో, సంచీ నిండిందేమో చూడాలి. ఎక్కువసార్లు కారణం అక్కడే ఉంటుంది. తగ్గకపోతే ఆసుపత్రికే. ఇక పుళ్ళు పడకుండా మంచం మీద రెండు గంటలకొకసారి పక్క మార్చడం, కుర్చీలో అరగంటకు మించకుండా బరువు మార్చుకోవడం రోజూ జరగవలసిన పనులు.

ఐదో పని: పాత దెబ్బ ముసుగులో వచ్చే కొత్త జబ్బును పట్టుకోవడం

నా అనుభవంలో జనం ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. మెట్లెక్కుతుంటే ఎడమ భుజం, మెడ, దవడ లాగుతూ, ఆగితే తగ్గుతూ ఉంటే అది మెడ కాదు, గుండె కావచ్చు; ముందు ఈ.సి.జి. తీయించుకోవాలి. సాయంత్రం పూట సన్నటి జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని వీపు నొప్పి ఉంటే వెన్నుపూస క్షయను అనుమానించాలి. మన దేశంలో అది అరుదైన జబ్బు కాదు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, చికిత్స మాత్రం ఏడాది లేదా అంతకు మించి సాగవచ్చు. ముట్లుడిగిన స్త్రీకి, లేదా చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవారికి, నీళ్ళ బిందె ఎత్తగానే వీపులో కలుక్కుమని నొప్పి పట్టుకుంటే ఎముక గుల్లబారి పూస నలిగి ఉండవచ్చు. పూర్వం క్యాన్సర్ వచ్చినవారికి కొత్తగా వెన్నునొప్పి మొదలైతే దానిని ఎప్పుడూ పాత ఖాతాలో వేయకూడదు.

తిమ్మిర్ల విషయం మరీ తికమకగా ఉంటుంది. రెండు పాదాలూ సమానంగా మంటలెత్తితే ముందు సుగర్, బి12 పరీక్షలు చేయించాలి. రాత్రివేళ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే నరం నొక్కుకున్నది మెడలో కాక మణికట్టులో కావచ్చు. రోజంతా కొబ్బరికాయలు వలిచే వలుపు కార్మికులకు ఇది మెడనొప్పిలాగే కనిపిస్తుంది, వైద్యం మాత్రం పూర్తిగా వేరు.

ఆరో పని: వైద్యుడు, పరీక్షలు

మొదట ఊళ్ళోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో తెలిసిన ఎం.బి.బి.ఎస్. వైద్యుడి దగ్గరో బి.పి., సుగర్, కిడ్నీ పరీక్షలు చేయించుకుని, నోటుబుక్కు చూపించండి. చేతుల పని చెడటం, నడక తూలడం, పాదం వాలడం ఉంటే నేరుగా న్యూరోసర్జన్ గాని, వెన్నెముక మీద పనిచేసే ఎముకల వైద్యుడు గాని చూడాలి. రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రి ఈ ప్రాంతానికి ఎప్పటినుంచో పెద్ద దిక్కు. రాజమహేంద్రవరం, ఏలూరుల్లో 2023 లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్ళేవారు ముందుగా ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి, తమ చికిత్స పథకంలో ఉందో లేదో అడిగాకే చేరాలి.

ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది. డిస్కు, నరం, వెన్నుపాము చూడాలంటే ఎం.ఆర్.ఐ. కావాలి. లోపల రాడ్లు, పేస్‌మేకర్ లాంటివి ఉంటే ముందే చెప్పాలి. రిపోర్టు చేతికి రాగానే "డిస్కు జారింది" అని గుండె జారవిడుచుకోవద్దు. నొప్పి లేని వేలమంది స్కానులను కూడగట్టి 2015 లో ప్రచురించిన ఒక సమీక్షలో, ఏ బాధా లేని ఇరవై ఏళ్ళవారిలో 37 శాతం మందికి, యాభై ఏళ్ళవారిలో 80 శాతం మందికి డిస్కులు అరిగినట్టు కనిపించాయి. తల నెరవడం లాంటిదే అదీ. కాబట్టి వైద్యుడిని అడగవలసిన ప్రశ్న "నాకు డిస్కు ఉందాండీ" అన్నది కాదు. "ఈ స్కానులో కనిపించేదీ నా చేతిలో వచ్చే తిమ్మిరీ ఒకే నరానివేనాండీ, వెన్నుపాము మీద నొక్కుడు ఉందాండీ" అన్నది. ఆపరేషన్ చెబితే, చేయించుకుంటే ఏది తగ్గుతుంది, ఏది తగ్గదు, ఆగితే ఏమవుతుంది అని మూడూ అడగండి. వెన్నుపాము నలిగినవారికి ఆపరేషన్ ముఖ్యోద్దేశం ఇంకా చెడకుండా ఆపడం. పోయిన పట్టు ఎంత తిరిగి వస్తుందో మనిషిని బట్టి ఉంటుంది.

ఏడో పని: మందుల లెక్క

మన పల్లెల్లో నొప్పి మందులు కిరాణా సరుకుల్లా వాడతారు. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ వంటివి నాలుగు రోజులకు పనికొచ్చే మందులే గాని నాలుగేళ్ళకు కాదు. కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ, బి.పి. పెరగడం వాటి వెంట వస్తాయి. బి.పి.కి కొన్ని రకాల మాత్రలు, నీరు పోయే మాత్రలు వాడుతున్నవారు వీటిని కలిపి మింగితే కిడ్నీలకు ముప్పు ఇంకా ఎక్కువ. పారాసెటమాల్ ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి రోజుకు 4 గ్రాములు మించకూడదు, అంటే 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు. కాలేయం చెడినవారికీ, రోజూ తాగేవారికీ అంతకన్నా తక్కువే. ఎసిక్లోఫెనాక్ మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ కలిసే ఉంటుంది. దానిమీద జ్వరం మాత్ర, జలుబు మాత్ర వేసుకుంటే తెలియకుండానే మోతాదు దాటిపోతుంది. అట్ట వెనక అక్షరాలు చిన్నవి, పిల్లలచేత చదివించుకోండి.

నరాల నొప్పికి ఇచ్చే ప్రిగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటివి మగత తెస్తాయి. మొదటి వారం ఏటిగట్టు మీద బండి నడపకూడదు, చెట్టెక్కకూడదు. తగ్గిందని ఒక్కసారిగా మానకూడదు, వైద్యుడు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. గట్టి నొప్పికి ఇచ్చే ట్రమడాల్ అలవాటుగా మారుతుంది, మలబద్ధకం తెస్తుంది.

అన్నిటికన్నా నేను భయపడేది పొట్లాల మందుకు. 2009 ప్రాంతంలో ఎవరో చెబితే నేనూ ఒకచోట మూడు నెలలు ఆకుపచ్చ పొడి వాడాను. మూడో రోజుకే నడుము రబ్బరులా వంగింది, ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా నిగనిగలాడింది, అందరూ "కోలుకున్నారు మాస్టారూ" అన్నారు. తరవాత సుగర్ 280 చూపించింది. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపే అలవాటు ఉందని వైద్యుడు చెబితే గాని అర్థం కాలేదు. ఇంత త్వరగా ఇంత బాగా పనిచేసే పేరులేని మందు ఏదైనా సరే, అనుమానించండి. అప్పటికే వారాల తరబడి వాడుతుంటే మాత్రం హఠాత్తుగా మానకుండా వైద్యుడికి చూపించాలి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

క్షౌరశాలలో తల పట్టుకుని మెడను టక్కున విరిపించుకోవడం పాత మెడ దెబ్బ ఉన్నవారు పూర్తిగా మానాలి. మెదడుకు వెళ్ళే రక్తనాళాలు ఆ పూసల గుండానే వెళతాయి. అవి చిరిగితే పక్షవాతం రావచ్చు. వావిలాకు నీళ్ళ కాపడం, నువ్వుల నూనె మర్దనా హాయిగా ఉంటే చేయించుకోండి. తిమ్మిరెక్కిన చోట మాత్రం వేడి మీ చేతికి కాక ఇంకొకరి చేతికి తెలియాలి.

ఎనిమిదో పని: కదలడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పికి వెలువరించిన మార్గదర్శకాలు వ్యాయామాన్నీ, నొప్పి గురించి అవగాహననూ సిఫారసు చేశాయి. నడుము బెల్టులు, బరువులు కట్టి లాగడం మామూలుగా వద్దన్నాయి. మావైపు పెద్దమనిషి అన్న గుర్తుగా బెల్టు కట్టుకుని తిరిగేవారున్నారు కాబట్టి ఈ మాట కొందరికి రుచించదు. పూస విరిగిన కొత్తలో, ఆపరేషన్ తరవాత వైద్యుడు కట్టమన్న పట్టీ సంగతి వేరు.

మొదలుపెట్టడం ఇలా. మంచి రోజున కాకుండా మామూలు రోజున, నొప్పి పెరగకుండా ఎన్ని నిమిషాలు నడవగలరో చూసి, అందులో కాస్త తగ్గించి, రోజూ అంతే నడవండి. ఎనిమిది నిమిషాలైతే ఎనిమిదే. వారం తరవాత ఒక నిమిషం కలపండి. బాగుందని ఒకరోజు ఏటిగట్టు చివరిదాకా వెళ్ళి, మర్నాటి నుంచి మూడు రోజులు మంచం దిగకపోవడమే పాత దెబ్బ మనుషులందరి జబ్బు. నడకతో పాటు వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులను పైకెత్తి ఐదు సెకన్లు నిలపడం, గోడకు ఆనుకుని గడ్డాన్ని లోపలికి లాక్కోవడం, అరచేతిని నుదుటికి అడ్డం పెట్టి తలతో మెల్లగా నెట్టడం, ఈ మూడూ పదేసి సార్లు చాలు. మొదట ఫిజియోథెరపిస్టు ముందు చేసి సరి చూసుకోవాలి. వెన్నుపాము నొక్కుడు తేలినవారు మెడ వ్యాయామాలు, మెడ లాగించుకోవడం సర్జనును అడగకుండా చేయకూడదు.

పని మానేయమని చెప్పడం తేలిక. ఊడ్పుల రోజుల్లో మానేసేవారెవరు? కాబట్టి విడగొట్టి చేయండి. అరగంట వంగి నాటాక లేచి, చేతులు నడుము మీద పెట్టి వెనక్కి ఐదుసార్లు వాలండి. చేపల చెరువు మీద మేత బస్తాను ఒక్కరే భుజానికెత్తకుండా సగం సగం చేసి మోయండి. చెయ్యి పట్టు తగ్గినవారు, కాలు తూలేవారు దింపుకు చెట్టెక్కడం మాత్రం ఆ రోజే ఆపాలి, ఇక్కడ బేరం లేదు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీదికి బండి ఎక్కించేటప్పుడు, దింపేటప్పుడు ఇంకొకరిచేత నెట్టించండి. బస్సులో వెనక సీటు వద్దు. చుట్ట మానడం కూడా ఈ లెక్కలోదే, పొగాకు డిస్కులకు అందే రక్తాన్ని తగ్గిస్తుంది.

పడక విషయంలో కటిక నేల మీద పడుకోవలసిన పని లేదు. కుంగిపోయిన నులకమంచం, మరీ మెత్తని పరుపు రెండూ కాకుండా మధ్యస్థంగా ఉంటే చాలు. నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, చచ్చిపోతే బాగుండుననిపించడం నొప్పితో పాటు వచ్చే జబ్బే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు.

చివరిగా కాగితాలు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. నొప్పి ఒక్కటే ఉంటే శాతం రాదు. బలం, కదలిక, మూత్రం మీద పట్టు తగ్గినట్టు వైద్యులు కొలిచి రాయాలి, అందుకే ఇన్నాళ్ళ రికార్డు అవసరం. వైకల్య శాతం తేల్చే సదరం పరీక్షకు సచివాలయంలోనో మీసేవలోనో తేదీ తీసుకోవాలి. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. ప్రమాదాల వల్ల పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. అసలు పత్రాలు ఎవరికీ ఇవ్వకండి, నకళ్ళే ఇవ్వండి. వరదలొచ్చే జులై రాకముందే ఫైలును రెండు పాలిథీన్ కవర్లలో చుట్టి, రెండు వారాలకు సరిపడా మందులతో కలిపి అటక మీద పెట్టుకోవాలి.

నోటుబుక్కు మాత్రం కిందే ఉంచుకోండి, ప్రతినెలా ఒకటో తారీఖున దానితో పని ఉంటుంది. ఈ నెల మా ఆవిడ గడియారం చూస్తూ లెక్కపెట్టి నా పేజీలో వేసిన అంకెలు: కుడిచేయి 22, ఎడమచేయి 20, పై బొత్తాం ఇంకా ఆలస్యమే.